అమానత్ అనుకుని ఇచ్చిన చెక్కు

ఉర్దూలో రెండు మాటలున్నాయి. అమానత్, జమానత్. వినడానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి గానీ అర్థాలు వేరు. హజ్‌కు వెళ్తూ పక్కింటాయన తన ఇంటి తాళంచెవులు మన చేతిలో పెట్టి వెళ్తే అది అమానత్. ఆయన తిరిగొచ్చేదాకా వాటిని వాడుకునే హక్ మనకు లేదు. బాకీకి హామీగా ఏదైనా ఇస్తే అది జమానత్. బాకీ తీరకపోతే తీసుకున్నవాడు దాన్ని వాడుకోవచ్చు.

మనలో చిన్న ఠేకేదారీలు చేసుకునేవాళ్లు పెద్ద కాంట్రాక్టర్‌కు 'సెక్యూరిటీ చెక్కు' ఇచ్చేటప్పుడు దాన్ని అమానత్ అనుకుంటారు. తీసుకునేవాడూ అలాగే నమ్మబలుకుతాడు. "అరే భాయ్, ఫైల్లో పడి ఉంటుంది, బ్యాంకులో ఎందుకేస్తాం?" అంటాడు. అదాలత్‌లో మాత్రం ఆ చెక్కు జమానతే. ఈ తేడా తెలియక ఎన్ని ఇళ్లల్లో నిద్రలు పోయాయో కోర్టు వార్తలు రాసే నాకు కొంత తెలుసు. ఈసారి అది మా ఇంట్లోకే వచ్చింది గనుక రాస్తున్నాను.

మా ఆపా భర్త, మా దుల్హాభాయ్, హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లకు పైగా పెయింటింగ్ పని చేయిస్తున్నారు. మొదట తనే జూలా కట్టుకుని గోడలకు రంగు వేసిన మనిషి. తర్వాత పది పదిహేను మందిని పెట్టుకుని సబ్ కాంట్రాక్టులు తీసుకోవడం మొదలుపెట్టారు. 2021లో ఒక అపార్టుమెంటు బ్లాకు మొత్తం పుట్టీ, ప్రైమర్, రంగు పని దొరికింది. వర్క్ ఆర్డర్ 42 లక్షలది. ఇంత పెద్ద పని అంతకుముందు చేయలేదు. ఇంట్లో మిఠాయి పంచారు.

మెటీరియల్ కొనడానికి, లేబర్‌ను దింపడానికి కంపెనీ 6 లక్షలు అడ్వాన్స్ ఇచ్చింది. ఆ అడ్వాన్స్‌కు జమానత్‌గా 6 లక్షల చెక్కు రాయించుకుంది. పేరు రాశారు, రకమ్ రాశారు, దస్తఖత్ పెట్టారు. తారీఖు మాత్రం ఖాళీ. ప్రతి రన్నింగ్ బిల్లులో 20 శాతం ఆ అడ్వాన్స్ కింద కోసుకుంటామని, 5 శాతం రిటెన్షన్ కింద ఆపుతామని వర్క్ ఆర్డర్‌లో ఉంది. చెక్కు ఎప్పుడు తిరిగి ఇస్తారన్నది ఎక్కడా లేదు.

నాలుగు బిల్లులు సవ్యంగా వచ్చాయి. ఒక్కొక్కటి 6 లక్షలు. ఒక్కో బిల్లులో లక్షా ఇరవై వేలు అడ్వాన్స్‌కు పోయాయి, ముప్పై వేలు రిటెన్షన్‌కు ఆగాయి. అంటే 6 లక్షల అడ్వాన్స్‌లో 4 లక్షల 80 వేలు కంపెనీ అప్పటికే వసూలు చేసుకుంది. మిగిలింది లక్షా ఇరవై వేలు. ఐదో బిల్లు 3 లక్షల 40 వేలకు పెట్టారు. సైట్ ఇంజినీరు కొలతలు చూసి సంతకం కూడా చేశాడు. ఆ డబ్బు రాలేదు. నెల, రెండు నెలలు, నాలుగు నెలలు. అడిగితే బిల్డర్ నుంచి మాకే రాలేదన్నారు. లేబర్ ఎన్నాళ్లు ఆగుతారు? దుల్హాభాయ్ అప్పు తెచ్చి వాళ్ల మజ్దూరీ ఇచ్చారు. తర్వాత పని ఆపేశారు. వాళ్లు ఇంకో గ్యాంగ్‌ను దింపారు. ఐదో బిల్లు గురించి గట్టిగా అడిగిన కొన్నాళ్లకు, 2022 చివర్లో, ఆ చెక్కు మీద తారీఖు వేసి బ్యాంకులో వేశారు. ఖాతాలో డబ్బు లేదని వెనక్కి వచ్చింది. లాయర్ నోటీసు ఇంటికి వచ్చింది. 15 రోజుల్లో 6 లక్షలు కట్టు, లేకుంటే కేసు అని.

ఆపా ఫోన్ చేసింది. "ఛోటే, జేల్ మే డాల్తే క్యా రే ఇనో కూ?" అని అడిగింది. ఆ ప్రశ్న అడిగేలోపే తను ఒక నిర్ణయానికి వచ్చేసింది. బేటీ నికాహ్ కోసం చేయించి పెట్టిన కంగన్ అమ్మేసి, మిగిలింది ఎవరినో అడిగి, ఆరు లక్షలూ కట్టేద్దామని. ఇజ్జత్ పోతుందని భయం. లెక్క చూస్తే కంపెనీయే ఇవ్వాలి. ఐదో బిల్లు 3 లక్షల 40 వేలు, రిటెన్షన్ లక్షా ఇరవై వేలు, కలిపి 4 లక్షల 60 వేలు. అందులోంచి అడ్వాన్స్ బాకీ లక్షా ఇరవై వేలు తీసేసినా 3 లక్షల 40 వేలు ఈయనకే రావాలి. రావలసినవాడు కంగన్ అమ్మి ఎదురు కట్టడానికి సిద్ధపడుతున్నాడు. ఖౌఫ్ చేయించే పని ఇది.

ముందు ఆ జైలు సంగతి చెప్తాను, ఎందుకంటే మన ఇళ్లల్లో మొదటి ప్రశ్న అదే. చెక్కు బౌన్స్ కేసు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 138వ సెక్షన్ కింద నడుస్తుంది. ఆ సెక్షన్ 1989 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. శిక్ష రెండేళ్ల దాకా ఖైదు, లేదా చెక్కు రకమ్‌కు రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అయితే ఇది పోలీసులు వచ్చి పట్టుకుపోయే కేసు కాదు. చెక్కు తీసుకున్నవాడు రాతపూర్వకంగా మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు చేస్తేనే కోర్టు తీసుకుంటుంది. బెయిల్ హక్కుగా దొరుకుతుంది. "ఠాణాకు రా, మాట్లాడుకుందాం" అని ఎవరైనా బెదిరిస్తే ఒంటరిగా పోకండి, వకీల్‌ను అడిగి పోండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సమన్లు వచ్చాక పేషీలకు హాజరు కాకపోతే కోర్టు వారంటు ఇస్తుంది. చాలామంది లోపలికి పోయేది ఇలా ఎగ్గొట్టినందుకే.

ఇక గడువులు. చెక్కు వెనక్కి వచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో అవతలివాళ్లు నోటీసు పంపాలి. నోటీసు అందిన నాటి నుంచి మనకు 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెలలోపు వాళ్లు ఫిర్యాదు వేయాలి. నోటీసు వచ్చినప్పుడు తీసుకోకుండా వెనక్కి పంపడం, తీసుకుని అల్మారాలో దాచడం మనవాళ్లకు అలవాటు. రెండూ తప్పే. ఆ 15 రోజుల్లో లెక్కలతో జవాబు ఇవ్వాలి. తర్వాత కోర్టులో చెప్పే మాటకు ఆ జవాబే పునాది. మొదట్లో మాట్లాడని మాట రెండేళ్ల తర్వాత చెప్తే కల్పించారనుకుంటారు.

ఆపా ఇంటికి వెళ్లేసరికి దుల్హాభాయ్ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. బిల్లులు, పుట్టీ కొన్న రసీదులు, కరెంటు బిల్లు, పిల్లల స్కూలు ఫీజు, అన్నీ కలిసి. ఏది ఎప్పటిదో ఆయనకే తెలియదు. అప్పుడు ఆపా లోపల్నుంచి ఒక నోట్‌బుక్ తెచ్చింది. మేమిద్దరం ఒకే ఉర్దూ మీడియం స్కూల్లో చదివాం. నేను తర్వాత తెలుగులో డిగ్రీ చేశాను, తను తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. ఆ నోట్‌బుక్‌లో కుడి నుంచి ఎడమకు, ఉర్దూ అంకెల్లో, పని మొదలైన రోజు నుంచి హిసాబ్ ఉంది. ఏ తారీఖున ఎంత వచ్చింది, బిల్లులో ఎంత కోశారు, ఎవరికి ఎంత మజ్దూరీ ఇచ్చారు. "ఆయన మర్చిపోతారని రాసుకున్నా" అంది అంతే.

ఆ రాత్రి కూర్చుని అదంతా తెలుగులోకి రాశాను. రాస్తుంటే ఒక సంగతి గమనించాను. మార్చాల్సిన మాటలు పెద్దగా లేవు. బాకీ, వసూలు, జమ, రసీదు, రాజీ, హాజరు, ఫిర్యాదు, దావా, వకీలు. మన ఉర్దూలో ఉన్నవే తెలుగు కోర్టులోనూ ఉన్నాయి. కోర్టు అంటే వేరే వాళ్ల దునియా అని మనం అనుకుంటాం గానీ, అక్కడి మాటల్లో సగం మన ఇళ్లల్లో రోజూ వాడేవే.

వకీల్ సాబ్ నోట్‌బుక్ పట్టుకుని, ఒక్కో బిల్లునూ దాని తారీఖుతో సంచిలోంచి తీయించారు. నాలుగు బిల్లులూ దొరికాయి. ప్రతిదాంట్లో 'అడ్వాన్స్ రికవరీ' అన్న గడి, అందులో లక్షా ఇరవై వేలు, కింద కంపెనీ ముద్ర. ఆయన కళ్లజోడు తీసి చెప్పిన మాట ఇది: "సాబ్, సెక్యూరిటీ చెక్కు అని అరిస్తే మనల్ని ఎవరూ వదలరు. చెక్కు వేసిన రోజున ఆరు లక్షల బాకీ ఉందా లేదా, అదొక్కటే మన కేసు."

ఈ మాట బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే దీని మీద బజారులో రెండు అబద్ధాలు తిరుగుతున్నాయి. ఒకటి, సెక్యూరిటీ చెక్కు మీద కేసు చెల్లదని. రెండోది, చెక్కు చేతిలో ఉంటే చాలు ఎంత రాసుంటే అంతా కట్టాల్సిందేనని.

మొదటిదాన్ని సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసింది. 2016లో సంపెల్లి సత్యనారాయణరావు కేసులో, ఒప్పందంలో 'సెక్యూరిటీ' అని రాసున్నా, అప్పు అప్పటికే చేతికి అంది, వాయిదా గడువు వచ్చాక వేసిన చెక్కుకు 138 వర్తిస్తుందని చెప్పింది. 2021లో శ్రీపతి సింగ్ కేసులోనూ అదే దారి. సెక్యూరిటీ కింద ఇచ్చినంత మాత్రాన చెక్కు పనికిరాని కాగితం కాదు, బాకీ గడువు దాటితే బ్యాంకులో వేయవచ్చు అని. "నేను సంతకం ఒక్కటే పెట్టాను, మిగతాదంతా వాళ్లు రాసుకున్నారు" అన్న వాదనకూ బలం తక్కువే. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కు అయినా బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట అనుకుంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో తేల్చారు. స్టాప్ పేమెంట్ పెట్టినా 138 నుంచి తప్పించుకోలేమని 1998లోనే తీర్పు వచ్చింది.

రెండో అబద్ధానికి జవాబు 2022 అక్టోబరులో వచ్చిన దశరథ్‌భాయ్ పటేల్ కేసు. 20 లక్షల చెక్కు. అందులో నాలుగు లక్షల పైచిలుకు ముందే కట్టేశారు. అవతలివాళ్లు 20 లక్షలకూ చెక్కు వేశారు. సుప్రీంకోర్టు ఏమందంటే, చెక్కు బ్యాంకులో వేసిన రోజుకు దాని మీదున్న రకమ్, చట్టం ప్రకారం వసూలు చేయదగ్గ బాకీ ఒకటై ఉండాలి. మధ్యలో కొంత కట్టేస్తే ఆ సంగతి చెక్కు మీద రాసి, మిగిలినదానికే వేయాలి. అలా చేయకుండా మొత్తానికి వేస్తే 138 కింద నేరం కాదు. పైన పనిచేసేవాళ్ల చేతిలో చెక్కు ఉంచి, బిల్లుల్లో కొంచెం కొంచెం కోయించుకునే మన సబ్ కాంట్రాక్టర్లకు ఇంతకన్నా దగ్గరి తీర్పు నాకు కనిపించలేదు.

అడ్వాన్స్‌కు కాకుండా 'పని సరిగ్గా చేస్తానని హామీ' కింద ఇచ్చే చెక్కులూ ఉన్నాయి. పని ఆలస్యమైంది, మాకు నష్టం వచ్చింది అని ఆ చెక్కు వేస్తారు. నష్టపరిహారం అనేది ఎంతో తేల్చేదాకా బాకీ కాదని 1974లోనే రామన్ ఐరన్ ఫౌండ్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్లంతట వాళ్లు ఒక అంకె వేసుకుని అదే బాకీ అంటే మన వకీల్ అడగాల్సిన ప్రశ్న అదే. ఎవరు తేల్చారు, ఎప్పుడు తేల్చారు?

అయితే చట్టం మొదట చెక్కు పట్టుకున్నవాడినే నమ్ముతుంది. 139వ సెక్షన్ ప్రకారం చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు అనుకుని మొదలుపెడుతుంది. ఆ నమ్మకాన్ని కదిలించే బరువు మన మీద ఉంటుంది. కాకపోతే పర్వతాన్ని ఎత్తక్కర్లేదు. మన మాటే ఎక్కువ నమ్మదగ్గట్టుగా ఉందని చూపితే చాలు. దానికి మనమే బోనెక్కి గవాహి ఇవ్వాలని కూడా లేదు. అవతలివాళ్ల కాగితాల్లోంచి, వాళ్ల సాక్షిని అడిగే ప్రశ్నల్లోంచి చూపవచ్చు. 2010లో రంగప్ప కేసు ఈ దారి వేసింది.

మా కేసులో సరిగ్గా అదే జరిగింది. నోటీసుకు పదకొండో రోజున జవాబు వెళ్లింది. అయినా వాళ్లు ఫిర్యాదు వేశారు. చెక్కు రకమ్‌లో 20 శాతం దాకా మధ్యంతర పరిహారం ఇప్పించమని అడగడానికి 143ఎ సెక్షన్ ఉంది. వాళ్లు అదీ అడిగారు. అది తప్పనిసరిగా ఇప్పించాల్సినది కాదు, కేసు చూసి నిర్ణయించాలి అని 2024లో సుప్రీంకోర్టు చెప్పి ఉంది. మేజిస్ట్రేట్ బిల్లులు చూసి ఇప్పించలేదు. విచారణలో కంపెనీ అకౌంటెంట్‌ను వకీల్ సాబ్ నాలుగే ప్రశ్నలు అడిగారు. ఈ బిల్లు మీదేనా? ఈ ముద్ర మీదేనా? ఈ గడిలో కోసింది ఏ అడ్వాన్స్‌కు? నాలుగు బిల్లుల్లో కలిపి ఎంత? ఆయన చివరికి 4 లక్షల 80 వేలు అన్నాడు. 2025లో దుల్హాభాయ్ మీద కేసు కొట్టేశారు. రెండున్నరేళ్లు పట్టింది. ప్రతి పేషీకీ ఒక రోజు కూలీ, రానుపోను ఖర్చు, ముందు రాత్రి నిద్ర. కంగన్ మాత్రం అల్మారాలోనే ఉంది.

కానీ 3 లక్షల 40 వేలు ఇంకా రాలేదు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే కథ అబద్ధం అవుతుంది. చెక్కు కేసు గెలిస్తే మన బిల్లు రాదు. అది వేరే దావా. దానికి సాధారణంగా మూడేళ్ల గడువు. చెక్కు కేసు తేలేదాకా ఆగుదాం అనుకుంటే ఆ గడువు దాటిపోతుంది. నిర్మాణ పనుల ఒప్పందాల తగాదాలు 3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టుకు వెళ్తాయి. అత్యవసర ఉత్తర్వు అడగని దావా అయితే ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు పెట్టుకోవాలి. దుల్హాభాయ్ గడువులోపే పెట్టారు. కంపెనీ వాళ్లు రాలేదు. ఇప్పుడు దావా నడుస్తోంది.

ఇంకో దారి కూడా ఉంది. చిన్న పరిశ్రమల కోసం 2006లో తెచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం. ఒప్పందంలో ఏం రాసుకున్నా చెల్లింపు గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. అక్కడ ఓడిన కొనుగోలుదారు సవాలు చేయాలంటే 75 శాతం ముందు జమ చేయాలి. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కావాలి. ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా అవుతుంది. పెయింటింగ్, సెంట్రింగ్ లాంటి వర్క్స్ కాంట్రాక్టులకు ఈ చట్టం పూర్తిగా వర్తిస్తుందా అన్నదానిపై హైకోర్టుల మాట ఒకటిగా లేదు. అయినా పని ఒప్పుకోకముందే రిజిస్టర్ చేయించుకుని ఉంచండి. పని చెడ్డాక చేయించుకుంటే పాత బిల్లులకు అడగడం కష్టం.

చెక్కు ఇవ్వకుండా పని దొరకదు, నాకు తెలుసు. ఇచ్చేటప్పుడు ఇవి చేయండి. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టకండి. పేరు, రకమ్ మీరే రాయండి. చెక్కు నంబరు, ఎంతకు, దేనికోసం, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి, ఈ నాలుగూ వర్క్ ఆర్డర్‌లోనో, విడిగా ఒక ఉత్తరంలోనో రాయించి సంతకం తీసుకోండి. ఫోటో తీసి పెట్టుకోండి. మొత్తం అడ్వాన్స్‌కు ఒకే చెక్కు అడిగితే నాలుగైదు చిన్న చెక్కులు ఇస్తామనండి. ప్రతి రికవరీకి ఒకటి వెనక్కి వచ్చేలా. బిల్లులో కోత పడ్డ ప్రతిసారీ "ఇంత కోశారు, ఇంత మిగిలింది" అని ఈమెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపండి. ఆ మెసేజ్‌లు తుడిచేయకండి. కోర్టులో పెట్టాలంటే వాటికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, వకీల్ చూసుకుంటారు. అడ్వాన్స్ తీరిన రోజున చెక్కు తిరిగి ఇమ్మని స్పీడ్ పోస్టులో ఉత్తరం వేయండి.

ఇదంతా చెప్తే మనవాళ్లు ఒక మాట అంటారు. "రాతకోతలు అడిగితే ఎతబార్ లేదనుకుంటారు, పని పోతుంది" అని. ఖుర్ఆన్‌లోని అన్నింటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, ఇబాదత్ గురించి కాదు, కర్జ్ రాసుకోవడం గురించి. రాసేవాడు ఎలా ఉండాలో, సాక్షులు ఎవరుండాలో, చిన్న రకమ్ అని బద్ధకించకుండా గడువుతో సహా ఎందుకు రాయాలో అందులో ఉంది. రాసుకోవడం శక్ కాదు, ఇద్దరి మధ్యా ఎతబార్‌ను కాపాడేది అదేనని మనకు చిన్నప్పుడే చదివించారు.

ఈ బ్లాగు చదివే బెహన్‌లకు చివరిగా ఒక మాట. సైట్ మీదికి మీరు పోకపోవచ్చు. కాంట్రాక్టర్ మొహం మీరు చూడకపోవచ్చు. కానీ ఆ చెక్కు ఇంట్లోంచే పోతుంది, ఆ నోటీసు ఇంటికే వస్తుంది. ఒక నోట్‌బుక్ పెట్టండి. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా, మీకొచ్చిన అంకెల్లో రాయండి. చెక్కు నంబరు, తారీఖు, రకమ్, కోత. రోజుకు రెండు నిమిషాల పని. ఆపా ఇప్పుడు రెండో నోట్‌బుక్ మొదలుపెట్టింది. మొదటి పేజీలో ఐదో బిల్లు, 3,40,000 అని రాసి, పక్కన 'బాకీ' అని పెట్టింది.